మందు చెరువులో పోసేముందు తొట్టిలో పోసి చూడండి

చేప గట్టువారకి వచ్చి తిరుగుతోంది, పొట్ట కింద ఎర్రగా ఉంది అని మందుల షాపులో చెప్పండి. చాలాచోట్ల మూడు ప్యాకెట్లు ఒకే సంచిలో వేసి చేతిలో పెడతారు: నీళ్ళకి శానిటైజర్, మేతలోకి యాంటీబయాటిక్, ఆపైన ప్రోబయాటిక్, అంటే మేలుచేసే బ్యాక్టీరియాని బతికుండగానే నింపిన పొడి. మొదటిది మూడోదాన్ని చంపుతుంది. రెండోది కూడా మూడోదాన్ని చంపుతుంది. మూడింటికీ డబ్బు మనమే కడతాం. నేనూ ఒకసారి సాయంత్రం బీకేసీ అనే శానిటైజర్ కొట్టించి, తెల్లారేసరికి ప్రోబయాటిక్ చల్లించాను. చెరువు మీద పోసిన సూక్ష్మజీవులు గట్టు దిగకముందే చచ్చిపోయి ఉంటాయని తర్వాత అర్థమైంది.

మాది ఆకివీడు వైపు అయిదెకరాల చెరువు. శీలావతి ఎక్కువ, బొచ్చె కొంచెం. కొన్నాళ్ళు నీటి పరీక్షల ల్యాబ్‌లో కూడా పనిచేశాను కాబట్టి రెండు వైపులా చూశాను. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తాం. లక్షల ఖరీదు చేసే చేప ఉన్న చెరువులో మాత్రం కొత్త మందుని నేరుగా కుమ్మరిస్తాం. మెతుకు పట్టి చూసే పద్ధతి దీనికీ ఉంది. నాలుగు తొట్టెలు, నలభై చేపపిల్లలు, నాలుగు రోజులు చాలు.

ముందు ఇది మందు పడాల్సిన జబ్బేనా

సగం సార్లు కాదు. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీద మాత్రమే పనిచేస్తుంది. పేను మీద పనిచేయదు, ఆక్సిజన్ లేకపోవడం మీద పనిచేయదు, అమ్మోనియా మీద పనిచేయదు.

తెల్లవారుజామున 5 గంటలకి చెరువు దగ్గరికి వెళ్ళండి. చేపంతా పైకి తేలి నోరు తెరుస్తుంటే, ఎండెక్కాక కిందికి దిగిపోతుంటే, అది డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) సమస్య. డీఓ, పీహెచ్, అమ్మోనియా మూడూ ఆ వేళే చూడండి, మధ్యాహ్నం మరోసారి చూడండి. మధ్యాహ్నం పీహెచ్ పెరిగితే అదే అమ్మోనియా ఎక్కువ విషంగా మారుతుంది. పొద్దున్న చూసి ఫర్వాలేదు అనుకున్న అంకె మధ్యాహ్నానికి ఫర్వా ఉన్న అంకె అవుతుంది.

తర్వాత రెండు చేపల్ని పట్టి ఒంటి మీద, రెక్కల మొదట్లో చూడండి. ఆకుపచ్చగా, పల్చగా, పాకే పేను కంటికే కనిపిస్తుంది. పేను కుట్టినచోట పుండు పడి అందులోకి బ్యాక్టీరియా చేరడం మామూలే. అప్పుడు పేనుని వదిలేసి పుండుకి మందు వేస్తే వారం తిరక్కుండా మళ్ళీ మొదటికి వస్తారు.

ఇవేవీ కాకుండా పొలుసుల కింద రక్తపు మచ్చలు, ఉబ్బిన పొట్ట, కుళ్ళిన తోక కనిపిస్తుంటే, మన వాళ్ళు రెడ్ డిసీజ్ అనేది అదే అయ్యుండొచ్చు. దీనికి మామూలుగా పట్టుబడే బ్యాక్టీరియా ఏరోమోనాస్. ఫంగస్ అని మనం పిలిచే పంగాసియస్ చేపలో అయితే ఎడ్వర్డ్‌సియెల్లా కూడా. పేరు తెలియాలంటే ల్యాబ్‌కి వెళ్ళాలి.

ల్యాబ్‌కి చేపని ఎలా పట్టుకెళ్ళాలి

చచ్చి తేలిన చేపని తీసుకెళ్ళకండి. అది ఎండలో గంట తేలితే ఒంట్లో ఉన్న కుళ్ళు బ్యాక్టీరియా అంతా జబ్బు బ్యాక్టీరియాలాగే పెరుగుతుంది, ల్యాబ్ వాళ్ళకి ఏది దొంగో తెలీదు. జబ్బు చేసి ఇంకా ఊపిరి ఉన్న చేపలు నాలుగైదు, ఆరోగ్యంగా కనిపించేది ఒకటి, పిల్లని తెచ్చే ఆక్సిజన్ కవర్లలోనే పెట్టండి. కవర్ దొరక్కపోతే చేపని పాలిథిన్‌లో చుట్టి ఐసు మధ్యలో పెట్టండి, ఐసు ఒంటికి తగలకూడదు. నీళ్ళు వేరే సీసాలో. అదే రోజు చేరాలి.

మందు వేయకముందే తీసుకెళ్ళాలి. ఒక పూట యాంటీబయాటిక్ తిన్నా చేప మూత్రపిండం నుంచి బ్యాక్టీరియా మొలవకపోవచ్చు. ‘ఏమీ లేదు’ అని రిపోర్టు వస్తుంది, చెరువులో చావులు మాత్రం ఆగవు.

అడగాల్సిన పరీక్ష ఒకటే: యాంటీబయాటిక్ సెన్సిటివిటీ. బ్యాక్టీరియాని ప్లేటు నిండా పరిచి, దాని మీద రకరకాల మందు బిళ్ళలు పెడతారు. ఏ బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా మొలవకుండా ఖాళీ వలయం ఏర్పడుతుందో ఆ మందు పనిచేస్తుంది. అంతా కలిపి రెండు మూడు రోజులు. అన్ని రోజులు ఆగితే చేప పోతుందని భయపడతారు, న్యాయమే. కానీ ఏరోమోనాస్ హైడ్రోఫిలాకి యాంపిసిలిన్ పుట్టుకతోనే పనిచేయదు. షాపువాడు ఆ వరస మందే ఇస్తే అయిదు రోజులు తవుడుకి తోడు డబ్బు కూడా చెరువులో పోసినట్టే. ఆ మూడు రోజులూ ఊరికే కూర్చోవద్దు: మేత సగానికి తగ్గించండి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిప్పండి, చచ్చినవాటిని రోజుకి రెండుసార్లు ఏరి సున్నం వేసి పాతిపెట్టండి. ఇంతమాత్రానికే చావులు తగ్గిన చెరువులు నేను చాలా చూశాను.

ఉండి మత్స్య పరిశోధన కేంద్రం, విజయవాడ దగ్గరి సీఫా (కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ) ప్రాంతీయ కేంద్రం, ప్రభుత్వ ఆక్వా ల్యాబులు మనకి దగ్గర్లోనే ఉన్నాయి. మందు అమ్మేవాడే నడిపే ఉచిత ల్యాబ్ రిపోర్టుని రెండో చోట సరిచూసుకోండి. ఎందుకో మీకే తెలుసు.

ప్యాకెట్ చదవడం

ఇక్కడ కొంచెం నిలబడి మాట్లాడుకోవాలి, ఎందుకంటే సగం ప్రమాదం ఇక్కడే ఆగిపోతుంది.

యాంటీబయాటిక్ అయితే వెనకవైపు మందు అసలు పేరు, ఎంత శాతం, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, గడువు తేదీ ఉండాలి. బొమ్మలో చేప దూకుతూ, పేరు మెరుస్తూ, అసలు మందు పేరు ఎక్కడా లేకపోతే అక్కడే వదిలేయండి. కొన్ని పేర్లు కనిపిస్తే చేయి కూడా పెట్టకండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు, మెట్రోనిడజోల్ వంటి నైట్రోఇమిడజోల్ జాతి, నియోమైసిన్, నాలిడిక్సిక్ ఆసిడ్, సల్ఫామెథాక్సజోల్, సిప్రోఫ్లోక్సాసిన్ ఎన్‌రోఫ్లోక్సాసిన్‌లు చేరిన ఫ్లోరోక్వినోలోన్లు, ఇవన్నీ నిషిద్ధ జాబితాల్లో ఉన్నవే. కొలిస్టిన్‌ని 2019లో కేంద్రం కోళ్ళకి, పశువులకి, ఆక్వాకి అన్నిటికీ నిషేధించింది, ఎందుకంటే ఆసుపత్రిలో మనుషులకి ఏ మందూ పనిచేయనప్పుడు మిగిలే ఆఖరి మందుల్లో అదొకటి. క్లోరాంఫెనికాల్ కథ వేరు. కొద్దిమంది మనుషుల్లో అది ఎముక మజ్జని దెబ్బతీసి రక్తం పుట్టకుండా చేస్తుంది, ఎంత తక్కువైతే క్షేమమో చెప్పడానికి వీల్లేదు. అందుకే చేప మాంసంలో దానికి ‘ఇంతవరకు ఫర్వాలేదు’ అనే హద్దే లేదు. ఈ జాబితా పెరుగుతూ ఉంటుంది. కొనే రోజున మత్స్యశాఖ అధికారిని అడిగి తాజా జాబితా చూసుకోండి. ఏ యాంటీబయాటిక్ అయినా డాక్టరు చీటీ మీదే కొనండి.

ప్రోబయాటిక్ ప్యాకెట్ మీద చూడాల్సినవి వేరు. బ్యాక్టీరియా జాతి పేరు పూర్తిగా ఉండాలి. ‘బాసిల్లస్ జాతులు’ అని రాస్తే చాలదు, బాసిల్లస్ సబ్‌టిలిస్ మంచిది కావచ్చు, దాని దాయాది బాసిల్లస్ సీరియస్ మనుషులకి వాంతులు తెప్పిస్తుంది. జాతి పక్కన స్ట్రెయిన్ (ఆ జాతిలో ఫలానా రకం) నంబరు ఉండాలి. ఉంటే చండీగఢ్ ఎంటీసీసీ లాంటి జీవుల భాండాగారంలో అది ఎక్కడ దాచారో కంపెనీని అడగొచ్చు. గ్రాముకి ఎన్ని సీఎఫ్‌యూ అన్నది ఉండాలి. సీఎఫ్‌యూ అంటే బతికి ఉండి మొలకెత్తగల కణాల లెక్క, విత్తనంలో మొలక శాతం లాంటిది.

అమ్మకపు మాటల్లో ఒకటి మాత్రం చెవిలో పడగానే లేచి వచ్చేయండి: ‘మా ప్రోబయాటిక్‌ని యాంటీబయాటిక్‌తో కలిపి వాడినా చావదండీ’. మెచ్చుకోలుగా చెబుతారు. అది నిజమే అయితే ఆ బ్యాక్టీరియాకి మందుని తట్టుకునే జన్యువు ఉన్నట్టు. ఆ జన్యువుని బ్యాక్టీరియా పక్క బ్యాక్టీరియాకి అందించగలదు, జాతి వేరైనా సరే. మీరు డబ్బిచ్చి కొని, ఏరోమోనాస్ ఉన్న చెరువులో, దానికి తప్పించుకునే విద్య నేర్పే పంతుల్ని దింపుతున్నారు. ఆ జన్యువులు లేవని పరీక్ష చేయించిన కాగితం ఉందా అని అడగండి. ఇలా అడిగితే సేల్స్ కుర్రాడు కాసేపు నీళ్ళు నములుతాడు, పాపం అతని తప్పు కాదు.

ప్రోబయాటిక్‌కి ల్యాబ్‌లో చేయించాల్సినవి

మొదటిది లెక్క. ప్యాకెట్ పొడిని పలచన చేస్తూ ప్లేటు మీద మొలిపించి ఎన్ని బతికున్నాయో లెక్కపెడతారు. బాసిల్లస్ అయితే 80 డిగ్రీల వేడిలో 10 నిమిషాలు పెట్టి మళ్ళీ మొలిపించమనండి. బాసిల్లస్ గింజకట్టుకుని ఉంటుంది కాబట్టి ఆ వేడికి చావదు, మిగతావి చస్తాయి. వేడి చేయకముందు వంద మొలిచి, చేశాక రెండే మొలిస్తే ప్యాకెట్లో ఉన్నది ఎక్కువగా వేరేదన్నమాట.

రెండోది రక్తపు ప్లేటు. గొర్రె రక్తం కలిపిన ప్లేటు మీద మొలిపించినప్పుడు చుట్టూ రక్తం పూర్తిగా కరిగి తేట వలయం వస్తే ఆ బ్యాక్టీరియా రక్తకణాల్ని పగలగొడుతోంది. చేప పేగులో అలాంటిది పెట్టుకోకూడదు. మూడోది కల్తీ: ఈ కొలి, సాల్మొనెల్లా, సూడోమోనాస్ ఉన్నాయేమో. నాలుగోది ప్యాకెట్లో గుట్టుగా యాంటీబయాటిక్ కలిపారా అన్నది. ‘రెండు రోజుల్లో చావులు ఆగిపోయాయి, అద్భుతమైన ప్రోబయాటిక్’ అన్నప్పుడల్లా నాకు ఈ అనుమానం వస్తుంది.

ఈ నాలుగోదానికి ఇంట్లో ఒక ఆనవాలు చూడొచ్చు. కాచి చల్లార్చిన పాలు రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో అర చెంచా పొడి కలిపి, రెండింటికీ సమానంగా తోడు వేయండి. పొద్దున్నకి ఒట్టి పాలు పెరుగై, పొడి కలిపినవి పాలుగానే ఉంటే ఏదో బ్యాక్టీరియాని మొలవనివ్వడం లేదు. మందు వేసిన గేదె పాలు తోడుకోకపోవడం మన ఇళ్ళల్లో తెలిసిన సంగతే. ఇది రుజువు కాదు, అనుమానం మాత్రమే. ఇంకేదైనా రసాయనం ఉన్నా తోడుకోదు, తోడుకున్నంతమాత్రాన మందు లేదనీ కాదు. అనుమానం వస్తే ల్యాబ్‌కి. ఆ పెరుగు మాత్రం ఎవరూ తాగకుండా పారబోయండి.

తొట్టి పరీక్ష

100 లీటర్లు పట్టే ప్లాస్టిక్ తొట్టెలు నాలుగు, ఒక్కోదానికి చిన్న గాలి రాయి, పైన కప్పడానికి వల ముక్కలు, డీఓ మీటరు లేదా కిట్టు, థర్మామీటరు, సూది తీసేసిన సిరంజి, నోటుబుక్కు. చేపలు 8 నుంచి 10 గ్రాముల పిల్లలు నలభై, అన్నీ ఒకే చెరువువి, ఒకే సైజువి. లీటరు నీళ్ళకి ఒక గ్రాము చేప మించకూడదు. అంటే తొట్టికి పది పిల్లలు. షెడ్డు నీడలో పెట్టండి.

నీళ్ళు ఎక్కడివి? మీ చెరువువే, వలగుడ్డలో వడకట్టి. మొదటిసారి నేను బోరు నీళ్ళు పోశాను, తేటగా ఉన్నాయి కదా అని. రెండో రోజుకి అన్ని తొట్టెల్లోనూ పిల్లలు పోయాయి, మందు వేయనిదాంట్లో కూడా. మా బోరులో ఇనుము ఎక్కువ. ఆ నాలుగో తొట్టి లేకపోతే మందుని తిట్టుకుంటూ ఉండేవాణ్ణి.

అందుకే మందు వేయని తొట్టి ఉండితీరాలి. దాన్ని ఉత్త తొట్టి అందాం. మనవాళ్ళు మొదట వదిలేసేది దీన్నే, ‘ఏమీ వేయనిదాంట్లో చూసేదేముంది’ అని. పోల్చుకోవడానికి అదొక్కటే ఉంది. ఉత్త తొట్టిలో పదింటికి ఒకటి కంటే ఎక్కువ చస్తే ఆ పరీక్ష మొత్తం చెల్లదు, మళ్ళీ మొదలుపెట్టాలి. ప్రపంచమంతా ల్యాబుల్లో పెట్టుకున్న నియమమూ ఇదే.

మిగతా మూడింట్లో ఒకటి ప్యాకెట్ చెప్పిన మోతాదు, ఒకటి దానికి మూడు రెట్లు, ఒకటి అయిదు రెట్లు. కొత్త పశువుల మందుకి అనుమతి ఇచ్చేముందు కూడా ఇలాగే ఒకటి, మూడు, అయిదు రెట్లు ఇచ్చి చూస్తారు. కూలీ చేతిలో కొలత తప్పుతుంది, చెరువు ఒక మూలకి ఎక్కువ పడుతుంది, లోతు అయిదడుగులు అనుకున్నది నాలుగే ఉంటుంది. అయిదు రెట్లు తట్టుకున్న మందు ఈ పొరపాట్లనీ తట్టుకుంటుంది.

కొలత లెక్క ఒకసారి చేసి గోడ మీద రాసుకోండి. ఎకరం చెరువు అయిదడుగుల లోతుకి దాదాపు 61.7 లక్షల లీటర్లు. ప్యాకెట్ మీద ఎకరానికి కిలో అని ఉంటే, లీటరు నీటికి 0.162 మిల్లీగ్రాములు పడుతుంది. 100 లీటర్ల తొట్టికి 16 మిల్లీగ్రాములు. దాన్ని ఏ కాటా తూయగలదు? కాబట్టి 1 గ్రాము పొడిని 1 లీటరు నీళ్ళలో కలిపి బాగా ఊపండి. ఇప్పుడు 1 మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము ఉంది. సిరంజితో మొదటి తొట్టికి 16, రెండోదానికి 49, మూడోదానికి 81 మిల్లీలీటర్లు. పొడి అడుగున దిగుతుంది కాబట్టి పీల్చే ప్రతిసారీ ఊపాలి. 1 గ్రాము తూయడానికి బంగారు కొట్టు కాటా చాలు.

పిల్లల్ని వదిలి ఒక రోజంతా మేత లేకుండా అలవాటు పడనివ్వండి. మర్నాడు మందు. ఆ తర్వాత 96 గంటలు. మొదటి రోజు 1, 3, 6, 12 గంటలకి, ఆపైన పూటకోసారి చూడండి. చచ్చినదాన్ని వెంటనే తీసి రాయండి. చావు ఒక్కటే చూస్తే సగమే చూసినట్టు. పైకొచ్చి నోరు తెరుస్తున్నాయా, తొట్టి గోడకి ఒళ్ళు రాసుకుంటున్నాయా, ఒంటి మీద జిగురు పెరిగిందా, మూల చేరి బిగుసుకుపోయాయా, నీడ పడితే ఉలిక్కిపడి పారుతున్నాయా లేదా. నాలుగో రోజు అన్ని తొట్టెల్లోనూ చిటికెడు మేత వేసి ఏ తొట్టి ముందు తిన్నదో చూడండి. తర్వాత ఒక్కోదాంట్లోంచి రెండేసి పిల్లల్ని కోసి మొప్ప ఎర్రగా ఉందా పాలిపోయిందా, కాలేయం రంగెలా ఉంది అన్నది ఉత్త తొట్టి పిల్లలతో పక్కపక్కనే పెట్టి చూడండి. ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

చెప్పిన మోతాదులోనే తేడా కనిపిస్తే ఆ ప్యాకెట్ వెనక్కి ఇచ్చేయండి. మూడు రెట్లకి కనిపిస్తే చెరువులో వాడేముందు లోతు కర్రతో పది చోట్ల కొలిచి, తూకం కళ్ళ ముందే వేయించండి. అయిదు రెట్లకి కూడా తేడా లేకపోతే చేపకి అపాయం లేదని నమ్మొచ్చు. పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న.

ఆ వేరే ప్రశ్నకి ఒక లెక్క చెబుతాను, తిట్టుకోకండి. గ్రాముకి వంద కోట్ల కణాలున్న ప్రోబయాటిక్ కిలో, ఎకరం చెరువులో పోస్తే మిల్లీలీటరు నీటికి దాదాపు 160 కణాలు పడతాయి. చెరువు నీటి మిల్లీలీటరులో అప్పటికే లక్షల్లో బ్యాక్టీరియా ఉంటుంది. తిరునాళ్ళలో 160 మందిని దింపి ఊరి తీరు మార్చమన్నట్టు ఉంటుంది. నీళ్ళలో చల్లేదానికంటే మేతలో కలిపేదాని మీద నాకు నమ్మకం ఎక్కువ, పేగు చిన్న జాగా కాబట్టి.

జ్యూస్ పోసేవాళ్ళకి

ఆ లెక్క తెలిసే మనవాళ్ళు బెల్లం, తవుడు వేసి డ్రమ్ముల్లో పులియబెట్టి జ్యూస్ చేస్తున్నారు. తెలివైన పనే. కానీ డ్రమ్ములో ప్యాకెట్ బ్యాక్టీరియాయే పెరిగిందని ఎవరు చెప్పాలి? డ్రమ్ము, నీళ్ళు, తవుడు అన్నిటిలోనూ వేరే జీవులున్నాయి. పుల్లటి తియ్యటి వాసన వస్తే సరే. కోడిగుడ్డు కుళ్ళిన వాసనో మురుగు వాసనో వస్తే గట్టు అవతల గొయ్యిలో పోయండి, చెరువులో కాదు. బాసిల్లస్‌కి గాలి కావాలి, మూత బిగించిన డ్రమ్ములో అది సరిగా పెరగదు. లాక్టోబాసిల్లస్ అయితే మూత ఉన్నా పెరుగుతుంది.

జ్యూస్‌తో అసలు ప్రమాదం బ్యాక్టీరియా కాదు, బెల్లం. కిలో బెల్లం చెరువులో పూర్తిగా అరిగిపోవాలంటే కిలో పైచిలుకు ఆక్సిజన్ కావాలి. ఎకరానికి 5 కిలోల బెల్లం పోస్తే లీటరుకి దాదాపు 0.9 మిల్లీగ్రాముల డీఓ తినేస్తుంది. తెల్లవారుజామున డీఓ 3 ఉండే చెరువు 2కి దిగుతుంది. తవుడు లెక్క దీనికి అదనం. ‘ప్రోబయాటిక్ వేశాక చేప తేలింది’ అని వచ్చే కేసుల్లో చాలావాటి కథ ఇదే.

దీనికి చేపలేని పరీక్ష చాలు. 20 లీటర్ల క్యాన్లు రెండు చెరువు నీళ్ళతో అంచుదాకా నింపండి. ఎకరానికి 100 లీటర్ల జ్యూస్ పోస్తారనుకుంటే అయిదు రెట్ల మోతాదు క్యానుకి 1.6 మిల్లీలీటర్లు. అది ఒకదాంట్లో కలిపి, రెండింటికీ మూత బిగించి, చీకట్లో, చెరువు నీటి వేడి దగ్గర ఒక రాత్రంతా ఉంచండి. పెట్టేముందు, తీశాక డీఓ కొలవండి. రెండు క్యాన్ల తేడాని అయిదుతో భాగిస్తే మీ జ్యూస్ ఒక రాత్రికి ఎంత ఆక్సిజన్ తింటుందో వస్తుంది. మీ తెల్లవారుజాము డీఓలోంచి అది తీసేసి చూసుకోండి. 3 కంటే తగ్గేలా ఉంటే మోతాదు సగం చేయండి. ఎండ ఉన్న రోజున, పొద్దున 9, 10 గంటల మధ్య పోయండి, ఆ రాత్రి ఏరియేటర్లు ఆపకండి. మబ్బు పట్టిన రోజున జ్యూస్ మాట ఎత్తొద్దు.

మేతలో యాంటీబయాటిక్ వేసేటప్పుడు

ఆక్సీటెట్రాసైక్లిన్‌ని నీళ్ళలో చల్లడం వృథా. నీళ్ళలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం దాన్ని పట్టేసుకుంటాయి, మిగిలింది ఎండకి విరుగుతుంది. మేతలోనే ఇవ్వాలి.

తూకం చేప బరువు మీద. అమెరికాలో అనుమతి ఉన్న ఆక్సీటెట్రాసైక్లిన్ మోతాదు కిలో చేపకి రోజుకి 55 నుంచి 83 మిల్లీగ్రాములు, 10 రోజులు. మా చెరువు లెక్కే చూడండి: 10,000 చేప, సగటున 800 గ్రాములు, మొత్తం 8,000 కిలోలు. డాక్టరు 75 అని రాస్తే రోజుకి 600 గ్రాముల అసలు మందు. పొడి 50 శాతానిదైతే 1.2 కిలోలు. జబ్బు చేప మామూలులా తినదు, బరువులో 1 శాతం తింటుందనుకుంటే 80 కిలోల మేతలో ఈ 1.2 కిలోలు, అంటే కిలో మేతకి 15 గ్రాములు. సంచి మేతలో తవుడులో కలిపి కడితే చాలా మందు చేప నోటికి చేరకముందే నీళ్ళలో కలిసిపోతుంది. గుళికల మేతకి పట్టించి, పైన కొద్దిగా నూనె రాసి, నీడలో ఆరబెట్టి వేయండి. కలిపేవాళ్ళకి మాస్కు, గ్లౌజులు ఇవ్వండి.

ఇక్కడ ఉన్న ఇబ్బంది ఏమిటంటే బాగా జబ్బు చేసింది తినదు, ఆరోగ్యంగా ఉన్నది రెండు వాటాలు తింటుంది. కాబట్టి రెండు రెట్లు తిన్న చేపకి ఏమవుతుందో ముందే తెలియాలి. వ్యవధి ఉంటే చెరువులోనే నాలుగు హాపాలు (వల పంజరాలు) కట్టి, ఇరవయ్యేసి చేపలు వేసి, ఉత్త మేత, ఒకటి, మూడు, అయిదు రెట్ల మందు మేత పది రోజులు పెట్టి చూడండి. అధిక మోతాదు తిన్న ఆ చేపని అమ్మొద్దు, చెరువులోకి వదలొద్దు, కూలీలకి ఇవ్వొద్దు. సున్నం వేసి పాతండి. తొట్టి నీళ్ళని కాలవలోకి వదలకండి, అది పోయేది కొల్లేటికే. బావికి దూరంగా ఎండు నేల మీద పోయండి.

మూడు రోజులకే చావులు ఆగాయని మందు ఆపేయకండి. మందు తిన్నన్నాళ్ళూ ప్రోబయాటిక్ వద్దు, శానిటైజర్ వద్దు. ఆఖరి మోతాదు అయ్యాక మూడు రోజులు ఆగి మేతలో ప్రోబయాటిక్ మొదలుపెట్టండి.

పట్టుబడికి ముందు

ఆక్సీటెట్రాసైక్లిన్‌కి అమెరికా లెక్క ప్రకారం ఆఖరి మోతాదు తర్వాత 21 రోజులు పట్టుబడి చేయకూడదు. యూరప్ వాళ్ళు చేపకి అనుమతి లేని మందు వాడినప్పుడు 2022 వరకు కనీసం 500 డిగ్రీ-రోజులు అనేవాళ్ళు, అంటే రోజు సగటు నీటి వేడిని కూడుతూ పోతే 500 దాటాలి. 28 డిగ్రీల నీళ్ళలో అది 18 రోజులు, మన సంక్రాంతి చలిలో 23 డిగ్రీలకి 22 రోజులు. నీళ్ళు చల్లబడితే చేప ఒంట్లోంచి మందు నెమ్మదిగా పోతుంది. రెండు లెక్కల్లో ఏది ఎక్కువైతే అది తీసుకోండి. నేనైతే నెల ఆగుతాను. నైట్రోఫ్యూరాన్లకి ఏ లెక్కా లేదు, వాటి అవశేషం మాంసానికి అతుక్కుని వారాల తరబడి ఉంటుంది. ఎన్నాళ్ళు ఆగినా పరీక్షలో దొరకొచ్చు.

నెల ఆగితే మేత ఖర్చు పెరుగుతుంది, రేటు పడిపోవచ్చు, తెలుసు. హౌరా వెళ్ళే లారీ దగ్గర వ్యాపారి యాంటీబయాటిక్ గురించి అడగడు కూడా. అయినా 2018లో ఫార్మాలిన్ మాట పుట్టినప్పుడు అస్సాం మన చేపని కొన్నాళ్ళు రానివ్వకపోతే, వేసినవాడూ వేయనివాడూ ఒకే రేటుకి ఏడ్చాం.

గడువు అయ్యాక నాలుగు మూలల నుంచి అయిదారు చేపలు పట్టి, చర్మంతో సహా మాంసం అరకిలో ఐసులో ల్యాబ్‌కి పంపండి. చర్మం తీయొద్దు, మనం చర్మంతోనే కదా వండుకునేది. మందు అవశేషం చూసే పరీక్షల్లో ముందు ఎలీసా చేయించండి, అనుమానం వస్తే మరింత కచ్చితమైన ఎల్‌సీ-ఎంఎస్. ఆక్సీటెట్రాసైక్లిన్‌కి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) హద్దు కిలో మాంసానికి 0.1 మిల్లీగ్రాము. హద్దు దాటితే ఇంకో వారం ఆగి మళ్ళీ పంపండి.

నోటుబుక్కులో మందు పేరు, బ్యాచ్, తేదీలు, తూకాలు, ఆ రోజుల నీటి వేడి రాయండి. వాడిన ప్రతి ప్యాకెట్ లోంచి రెండు చెంచాల పొడి, లేబుల్‌తో సహా, గాలి చొరని సీసాలో దాచండి. లారీ లోడు వెళ్ళి, అమ్మకం డబ్బు చేతికొచ్చి, ఇంకో నెల గడిచాకే ఆ సీసా పారేయండి.